మణికట్టు కీలున్న నీడిల్ హోల్డర్: పీణ్యలో జరిగిన ఒక రూపకల్పన, దాని వెనుక లెక్కలు

లాపరోస్కోపీలో, అంటే చిన్న గాట్ల గుండా చేసే కడుపు శస్త్రచికిత్సలో, సర్జన్ చేయి కడుపు బయట ఉంటుంది, పని కడుపు లోపల జరుగుతుంది, ఈ రెండింటి మధ్య కడుపు గోడలో దింపిన పోర్టు అనే పొట్టి గొట్టం కదలని ఇరుసులా నిలబడుతుంది. ఆ ఇరుసు వల్ల నిటారు పరికరానికి మిగిలే కదలికలు నాలుగే: పైకీ కిందికీ ఊగడం, పక్కలకు ఊగడం, లోపలికీ బయటికీ జరగడం, తన చుట్టూ తాను తిరగడం. మొన దగ్గరి దవడలు తెరవడం, మూయడం వీటికి అదనం. పిత్తాశయం తీయడానికి ఈ నాలుగూ సరిపోతాయి. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె లాపరోస్కోపీ పద్ధతిలో పిత్తాశయం తీసిన నాటి నుంచి నేటి వరకు ఆ శస్త్రచికిత్స ఎక్కువగా నిటారు పరికరాలతోనే సాగుతోంది. చిక్కంతా కుట్టు దగ్గర వస్తుంది. వంపు తిరిగిన సూది కణజాలాన్ని చీల్చకుండా దిగాలంటే అది తన వంపు వెంటనే తిరగాలి, అలా తిరగాలంటే దవడల ముఖం కుట్టు గీతకు సరైన కోణంలో ఉండాలి. గర్భసంచి తీసిన తరువాత యోని పైభాగాన్ని మూసే సందర్భంలో పోర్టు నుంచి వచ్చే దారి ఒకటి, కుట్టు కోరే కోణం మరొకటి.

రోబో ఈ చిక్కును తీర్చింది. 2000లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన డావిన్సీ వ్యవస్థలో 8 మి.మీ. గొట్టం చివర రెండు వైపులా వంగే మణికట్టు కీలు ఉంటుంది. దాని ధర, ఏటా నిర్వహణకు అయ్యే ఖర్చు మధ్యతరగతి రోగులను చూసే ఆసుపత్రులకు అందవు. కర్నూలు వైపు నుంచి వచ్చి బెంగళూరులో ప్రాక్టీసు చేస్తున్న ఒక గైనకాలజీ సర్జన్, పరికరాలు రూపొందించే మా ముందు పెట్టిన కోరిక అందుకే సూటిగా ఉంది: మోటార్లు, కంప్యూటరు లేకుండా చేత్తోనే వాడుకోగల, మొన వంగే నీడిల్ హోల్డర్, అంటే కుట్టు సూదిని పట్టే పరికరం, కావాలి. ఇలాంటివి ప్రపంచంలో లేకపోలేదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఫ్లెక్స్‌డెక్స్, కొరియాకు చెందిన లివ్స్‌మెడ్ సంస్థ తయారుచేసే ఆర్టిసెన్షియల్ ఈ కోవలోనివే. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలోని చిన్న వర్క్‌షాపులు చేసి ఇవ్వగలిగేది, మన ఆసుపత్రుల్లో పరికరాలను శుద్ధి చేసే సీఎస్‌ఎస్‌డీ విభాగం కడిగి, ఆవిరిలో శుద్ధి చేసి మళ్ళీ వాడుకోగలిగేది అయిన పరికరాన్ని గీయడం మా పని.

వంగే మొనను తయారు చేయడం పెద్ద కష్టం కాదు. వంగిన మొన సూది మీద భారం పడిన క్షణంలో కూడా తానున్న కోణంలోనే నిలబడటమే కష్టం. ఈ ప్రాజెక్టులో మేము తీసుకున్న నిర్ణయాలన్నీ ఏదో ఒక దారిన ఈ ఒక్క ప్రశ్న దగ్గరికే చేరుకున్నాయి.

మొదటి నిర్ణయం కీలుకు ఎన్ని అక్షాలు ఉండాలన్నది. ఒక్క అక్షం చాలు, గొట్టాన్ని తిప్పితే ఏ దిక్కుకైనా చేరుకోవచ్చు అన్నది మొదట ఎవరికైనా తోచే మాటే. చేరుకోవడం వరకు అది నిజం. కాని మొన 60 డిగ్రీలు వంగి ఉండగా గొట్టాన్ని తిప్పితే దవడలు ఉన్నచోట తిరగవు, గాలిలో పెద్ద వలయం గీస్తూ పోతాయి. సూది దిగాలంటే దవడలు తమ సొంత అక్షం చుట్టూ తిరగాలి. దీనికి రెండు దారులు ఉన్నాయి. వంపు గుండా తిరిగే ఒక మెత్తని షాఫ్ట్‌ను అమర్చి మొనను విడిగా తిప్పడం ఒకటి. మొన దగ్గర రెండు అక్షాల కీలు, హ్యాండిల్ దగ్గర అలాంటిదే మరో కీలు పెట్టి, రెండూ ఎప్పుడూ ఒకే దిశను చూసేలా కేబుళ్ళతో కట్టడం రెండోది. రెండో పద్ధతిలో హ్యాండిల్‌ను దాని అక్షం చుట్టూ తిప్పితే మొన కూడా తన అక్షం చుట్టూ అంతే తిరుగుతుంది. లారీ కింద ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు రెండు చివరలా ఉన్న యూనివర్సల్ జాయింట్లు చేసే పని ఇదే. మేము ఈ దారినే ఎంచుకున్నాము. కేబుళ్ళు గొట్టంలో ఒకదాన్ని ఒకటి దాటకుండా నేరుగా వెళ్తే హ్యాండిల్ ఎటు చూపితే మొన అటే చూపుతుంది కాబట్టి, అమరిక కూడా సులువైంది. దీనికి చెల్లించాల్సిన మూల్యం ఒకటుంది. వంగిన స్థితిలో హ్యాండిల్‌ను ఒక్క చుట్టు తిప్పితే నాలుగు కేబుళ్ళూ ఒక పూర్తి రాకపోక చేస్తాయి. అంటే ప్రతి కుట్టూ కేబుళ్ళ ఆయుష్షులోంచి కొంత తీసుకుంటుంది.

రెండో నిర్ణయం గొట్టం మందం. 5 మి.మీ. పోర్టులోంచి పోయేలా ఉండాలని సర్జన్ పట్టుబట్టారు, రోగికి చిన్న గాటు మేలన్న ఆయన వాదన న్యాయమైనదే. మేము 8 మి.మీ. దగ్గర ఆగాము. గోడ మందం మారకుండా గొట్టం వ్యాసం 5 నుంచి 8కి పెరిగితే వంపుకు దాని నిరోధం సుమారు 4 రెట్లు పెరుగుతుంది. అంతకంటే ముఖ్యంగా, కీలు కేంద్రం నుంచి కేబుల్‌కు ఉండే దూరాన్ని 1.5 మి.మీ. నుంచి 2.5 మి.మీ.కి పెంచుకోగలిగాము. ఎలాగూ ఈ కుట్టులకు వాడే పెద్ద సూదిని లోపలికి పంపడానికి 10 మి.మీ. పోర్టు ఒకటి ఉంటుంది కాబట్టి అదనపు గాటు అక్కర్లేదని చూపించాక ఆయన ఒప్పుకున్నారు.

మొదటి నమూనా ఖాళీగా పట్టుకుని చూస్తే ముచ్చటగా పనిచేసింది. మొన 75 డిగ్రీల వరకు వంగేది, చేయి తిప్పిన వైపు తడబాటు లేకుండా తిరిగేది. అయితే బెంచి మీద హ్యాండిల్‌ను బిగించి, దవడలకు బలాన్ని కొలిచే ఫోర్స్ గేజ్ తగిలించి మెల్లగా లాగేసరికి మొన కళ్ళ ముందే వెనక్కి వాలిపోయింది. కీలు పిన్నుల్లో ప్లే, అంటే వదులు, ఎక్కువైందని మొదట అందరం అనుకున్నాము. పిన్నులను ఒక్కొక్కటిగా తీసి, మైక్రోమీటరుతో కొలిచి, మళ్ళీ బిగించిన మా ఫిట్టర్, హిందూపురం మనిషి, భూతద్దం పక్కన పెట్టి, "సార్, కీలుదేం తప్పు లేదు. తీగె సాగుతాంది, సూడండి" అని గొట్టం వెనుక భాగం తెరిచి చూపించాడు. గేజ్ లాగుతుంటే హ్యాండిల్ వైపు కేబుల్ చివర ఉన్నచోటే ఉంది. మొన వైపు మాత్రం జరుగుతోంది.

లెక్క వేస్తే ఆయన కన్ను చూసింది సరిగ్గా కాగితం మీదికి వచ్చింది. సూది వల్ల దవడల మీద పడే భారం 5 న్యూటన్లని, అది కీలు కేంద్రానికి 12 మి.మీ. దూరంలో పడుతుందని తీసుకున్నాము. అప్పుడు కీలు మీద తిప్పుడు బలం 60 న్యూటన్ మి.మీ. అవుతుంది, కీలు కేంద్రం నుంచి కేబుల్‌కు ఉన్న 2.5 మి.మీ. దూరమనే మీటచేతి మీద దాన్ని ఆపడానికి కేబుల్‌లో 24 న్యూటన్ల బిగువు కావాలి. మేము వాడినది 0.45 మి.మీ. మందం గల స్టెయిన్‌లెస్ స్టీల్ కేబుల్. అందులో నిజంగా లోహం ఉన్న వైశాల్యం 0.094 చదరపు మి.మీ. మించదు. పేనిన కేబుల్ గట్టి కడ్డీ అంత బిర్రుగా ఉండదు, దాని స్థితిస్థాపక గుణకం (సాగుడును ఎంత ఎదిరిస్తుందో చెప్పే కొలత) సుమారు 100 గిగాపాస్కల్స్ అనుకోవచ్చు. హ్యాండిల్ నుంచి మొన వరకు 400 మి.మీ. పొడవున ఆ కేబుల్ 24 న్యూటన్లకు సుమారు 1 మి.మీ. సాగుతుంది. ఎదుటి కేబుల్ ఇచ్చే సాయాన్ని పక్కన పెడితే, 1 మి.మీ. సాగుడు 2.5 మి.మీ. చేతి మీద 23 డిగ్రీలతో సమానం. సర్జన్ 60 డిగ్రీలు వంచి సూదిని గుచ్చితే మొన 37 డిగ్రీల దగ్గరికి వచ్చి నిలుస్తుంది. ఎదుటి కేబుల్‌ను కూడా ముందే గట్టిగా బిగించి ఉంచితే ఈ వాలును సగానికి తగ్గించవచ్చు. ఆ బిగింపు పెరిగిన కొద్దీ రాపిడి పెరిగి హ్యాండిల్ మొద్దుబారిపోతుంది, కణజాలం ఇచ్చే స్పర్శ చేతికి అందదు. అందువల్ల ఆ దారిలో కొద్ది దూరమే వెళ్ళాము.

అసలు మందు చాలా పాతది. కీలు దగ్గర వంగేది కేబుల్‌లో కొద్ది భాగమే, గొట్టంలో ఉన్నదంతా నిటారుగా ముందుకూ వెనక్కూ జరగడం తప్ప ఏనాడూ వంగదు. 60 డిగ్రీల వంపుకు కేబుల్ జరిగే దూరం 2.6 మి.మీ. మాత్రమే. కాబట్టి గొట్టంలోని 340 మి.మీ. భాగంలో కేబుల్‌ను తీసేసి 1 మి.మీ. గట్టి స్టీల్ రాడ్ పెట్టి, రెండు చివరలా మొత్తం 60 మి.మీ. మాత్రమే కేబుల్ ఉంచాము. డావిన్సీ పరికరాల్లోనూ కీలు దగ్గర టంగ్‌స్టన్ కేబుల్, గొట్టం పొడవునా సన్నని స్టీల్ గొట్టాలు ఉండటానికి కారణం ఇదే. కొత్త అమరికలో అదే 24 న్యూటన్లకు రాడ్ సాగేది 0.05 మి.మీ., కేబుల్ సాగేది 0.15 మి.మీ., రెండూ కలిపి 0.2 మి.మీ. కోణంలో చెప్పాలంటే 5 డిగ్రీల లోపు. ఫోర్స్ గేజ్ మీద కొత్త మొన నిలబడిన తీరు చూసినప్పుడు మాకు కలిగిన తృప్తిని దాచుకోవలసిన పని లేదు.

రాడ్‌నూ కేబుల్‌నూ కలిపే చోట మాత్రం చాలా కాలం తీసుకున్నాము. లేజర్ వెల్డింగ్ చేస్తే అతుకు చూడటానికి శుభ్రంగా ఉంటుంది, కాని కేబుల్‌లోని పోగులకు బలం వచ్చేది వాటిని చల్లగా లాగి సన్నం చేసిన పద్ధతి వల్ల. వెల్డింగ్ వేడికి ఆ బలం అతుకు పక్కనే పోతుంది. అందువల్ల రాడ్ చివర సన్నని రంధ్రం వేసి, కేబుల్‌ను లోపలికి దూర్చి, చుట్టూ సమంగా నొక్కి బిగించే పద్ధతికి వచ్చాము. లాగి తెంపినప్పుడు కేబుల్ మధ్యలో తెగాలే తప్ప అతుకు జారకూడదన్నది దానికి పెట్టుకున్న పరీక్ష.

ఇక దవడల సంగతి. మణికట్టును వంచితే దవడల పట్టు మారకూడదు. ఇది వినడానికి చిన్న విషయం. రోబోలో మోటార్లు ఉంటాయి కాబట్టి ఒక కీలు కదిలితే మరో కేబుల్ ఎంత సర్దుకోవాలో కంప్యూటరు లెక్కగట్టి సరిచేస్తుంది. చేతి పరికరంలో ఆ పని రేఖాగణితమే చేయాలి. దవడల కేబుల్ కీలు సరిగ్గా నడిమధ్యలోంచి పోతే వంగినా దాని పొడవు మారదు. కాని రంధ్రంలో కేబుల్ కదలడానికి కొంత సందు ఉండి తీరాలి, వంగినప్పుడు కేబుల్ ఆ సందును దాటి వంపు లోపలి గోడకు ఆనుకుంటుంది. ఆ పక్కకు జరగడం 0.3 మి.మీ. అయితే 60 డిగ్రీల వంపుకు దారి 0.31 మి.మీ. కురచ అవుతుంది. దవడలను 60 న్యూటన్లతో పట్టి ఉంచే రాడ్, కేబుల్ జత బిర్రుదనం మిల్లీమీటరుకు సుమారు 116 న్యూటన్లు, అంటే 0.31 మి.మీ. వదులైతే 36 న్యూటన్ల పట్టు పోతుంది. నిటారుగా ఉన్నప్పుడు గట్టిగా పట్టిన సూది, మణికట్టు వంచగానే దవడల్లో జారి తిరుగుతుంది. కడుపులో జారిపడిన సూదిని వెతకడం ఆపరేషన్ థియేటరులో ఎవరూ కోరుకోని పని.

రంధ్రాన్ని ఇంకా బిగుతుగా చేయమని డ్రాయింగు మీద రాయడం సులువు. శుభ్రపరచడానికీ రాపిడికీ అది శత్రువు. కాబట్టి ట్రిగ్గరుకూ రాడ్‌కూ మధ్య ఒక స్ప్రింగును పెట్టాము. మిల్లీమీటరుకు 15 న్యూటన్ల స్ప్రింగు 4 మి.మీ. నొక్కుకున్నప్పుడు 60 న్యూటన్లు వస్తాయి, అక్కడ రాట్చెట్, అంటే వెనక్కి జారనివ్వని పళ్ళ కొక్కెం, లాక్ అవుతుంది. ఇప్పుడు కేబుల్ దారి 0.31 మి.మీ. మారినా పట్టులో తేడా 4 న్యూటన్లు మాత్రమే. పైగా ట్రిగ్గరును ఎంత బలంగా నొక్కినా కేబుల్ మీద హద్దుకు మించిన భారం పడదు. ఈ పరికరం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఈ స్ప్రింగే. మొనకు బిర్రుదనం కోసం అంత పోరాడి, దవడల దగ్గర కావాలనే మెత్తదనం పెట్టడం పైకి విరుద్ధంగా తోచవచ్చు. మణికట్టు నిలబెట్టవలసింది కోణాన్ని, దవడలు నిలబెట్టవలసింది బలాన్ని. రెండు పనులకు రెండు రకాల బిర్రుదనాలు కావాలి.

కేబుల్ వంపు తిరిగిన ప్రతిచోటా రాపిడి లెక్కకు వస్తుంది. ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే, మొన దగ్గర 60, హ్యాండిల్ దగ్గర 60 డిగ్రీలు వంగిన స్థితిలో దవడలకు 60 న్యూటన్లు చేరాలంటే ట్రిగ్గరు వైపు 82 న్యూటన్లు కావాలి. అదే 75 డిగ్రీలైతే 89 న్యూటన్లు కావాలి. శిక్షణ పెట్టెలో సర్జన్ కుట్లు వేస్తుండగా పక్కన కూర్చుని చూస్తే ఆయన 60 డిగ్రీలు దాటించిన సందర్భాలు అరుదు. చివరి 15 డిగ్రీలను వదులుకుని ఆ బలాన్ని మిగుల్చుకున్నాము. సర్జన్‌తో ఈ మాట చెప్పినప్పుడు ఆయన, "వంపు తగ్గినా పరవాలేదండి, వంచిన చోట ఉంటే చాలు నాకు" అన్నారు.

అలసట పరీక్షలో కేబుల్ ఎక్కడ తెగుతుందన్నది మరో పాఠం. వంపు మధ్యలో తెగుతుందని ఎదురుచూశాము. మైక్రోస్కోపు కింద చూస్తే పోగులు చిట్లింది కీలు ముక్కలోని రంధ్రం నోటి దగ్గర. వైర్ కట్‌లో, అంటే విద్యుత్ తీగతో, కోసిన ముక్క అంచు కంటికి నున్నగా ఉంటుంది. పెద్దది చేసి చూస్తే అంచు పొడవునా గరుకైన కరిగిన పొర, ఒక మూల వెంట్రుకంత బర్రు (కోతలో మిగిలిన ముల్లు), దాని మీద వెండి రంగు మెరుపుతో అరిగిన పోగులు. రంధ్రం నోటిని 3 మి.మీ. వ్యాసార్ధంతో గంట ఆకారంలో తెరిచి, ఆ ఉపరితలాన్ని వజ్రపు పేస్టుతో పాలిష్ చేయించాము. కేబుల్ అల్లికను కూడా 7×7 (ఏడు పాయలు, పాయకు ఏడు పోగులు) నుంచి 7×19కి మార్చాము. మొదటి అల్లికలో పోగు మందం 0.05 మి.మీ., రెండో దానిలో 0.03 మి.మీ. ఆ 3 మి.మీ. వంపు మీద పోగులో వచ్చే వికృతి (పొడవుతో పోలిస్తే సాగుడు) మొదటి దానికి 0.78 శాతం, రెండో దానికి 0.47 శాతం. గట్టిగా లాగిన స్టెయిన్‌లెస్ పోగు 1 శాతం దగ్గర శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుంది కాబట్టి ఈ తేడా ఆయుష్షులో బాగా కనిపిస్తుంది. సన్నని పోగులు అరుగుదలకు త్వరగా లొంగుతాయి, అందుకే అల్లిక మార్చడం కంటే ముందు అంచును నున్నగా చేయడం తప్పనిసరి. ఈ రెండింటిలో ఒక్కటే చేసి ఊరుకునేవారికి ఫలితం దక్కదు.

తెగితే ఏమవుతుందన్నది రిస్కు పట్టికలో, వైద్య పరికరాల రిస్కు ప్రమాణమైన ఐఎస్ఓ 14971 కోరే పద్ధతిలో, ప్రతి కేబుల్‌కూ విడిగా రాశాము. మణికట్టు కేబుల్ తెగితే కీలు వదులై, పరికరాన్ని వెనక్కి లాగుతుంటే పోర్టు అంచే దాన్ని నిటారు చేయాలి. దవడల కేబుల్ తెగితే దవడలు తెరుచుకుపోతాయి, తెరిచిన దవడలు పోర్టులో చిక్కుకోకూడదు. అందుకని దవడల వెనుక భాగాన్ని ఏటవాలుగా చెక్కి, పోర్టు అంచు తగలగానే అవి వాటంతట అవే మూసుకునేలా చేశాము.

శుభ్రపరచడం గురించి తక్కువ చెప్పి ఎక్కువ చేయాల్సి వచ్చింది. కేబుళ్ళున్న కీలులో రక్తం ఎండితే బ్రష్‌కు అందదు. హ్యాండిల్ దగ్గర సిరంజి తగిలించే నోరు ఒకటి పెట్టి, నీరు గొట్టమంతా పారి కీలు దగ్గర బయటికి వచ్చేలా దారి విడిచాము. కీలు ముక్కలను మూతలు లేకుండా తెరిచి ఉంచాము. 134 డిగ్రీల ఆవిరిలో నూనె నిలవదు కాబట్టి నూనె మీద ఆధారపడని జతలను ఎంచుకోవాలి. 17-4 పీహెచ్ అనే రకం స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్కలో అదే స్టీల్ పిన్ను వేస్తే పొడిగా తిరిగేటప్పుడు ఒకదాన్ని ఒకటి పట్టేసుకుంటాయి, అందుకని గట్టిపరిచిన వేరే రకం స్టీల్ పిన్నులు వాడాము. కడిగే, శుద్ధి చేసే పద్ధతిని ఐఎస్ఓ 17664 ప్రకారం రాసి ఇవ్వాలి, అందులో ఎన్నిసార్లు వాడవచ్చో కూడా చెప్పాలి. ఒక్కసారి వాడమని రాసినదాన్ని కూడా మళ్ళీ మళ్ళీ వాడే చోట, గొట్టమూ మొనా కలిసిన భాగాన్ని హ్యాండిల్ నుంచి ఊడదీసి మార్చుకునేలా చేయడం నిజాయితీ గల పరిష్కారమని మేము భావించాము. అరిగేది ఆ భాగమే, ఖరీదైన హ్యాండిల్ మిగులుతుంది.

ఈ నమూనాకు విద్యుత్ లేదు. 2018 జనవరి 1 నుంచి అమలులో ఉన్న మెడికల్ డివైసెస్ రూల్స్ రిస్కును బట్టి పరికరాలను ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు చేస్తాయి. దవడలకు కణజాలాన్ని కాల్చే కాటరీ కరెంటు కలిపితే ఇన్సులేషన్, లీకేజీ పరీక్షలు వచ్చి చేరి పని స్వరూపమే మారిపోతుంది. కుట్టుకు కరెంటు అక్కర్లేదు కాబట్టి ఆ ఆలోచనను ఈ దశలో పక్కన పెట్టాము.

5 మి.మీ. పరికరం కోసం అడిగేవారు ఇంకా ఉన్నారు, అడగడం సబబే. కాని ఇదే బొమ్మను చిన్నదిగా గీస్తే సరిపోదు. కీలు కేంద్రం నుంచి కేబుల్ దూరం 2.5 నుంచి 1.5 మి.మీ.కి తగ్గితే అదే భారానికి బిగువు 24 నుంచి 40 న్యూటన్లకు పెరుగుతుంది, సాగుడూ అంతే పెరుగుతుంది, ఆ సాగుడు చిన్న చేతి మీద ఇంకా పెద్ద కోణమవుతుంది. మొత్తం మీద వాలు 2.8 రెట్లు, అంటే 5 డిగ్రీల లోపు ఉన్నది 13 డిగ్రీలు అవుతుంది. దాన్ని తగ్గించాలంటే మొన వైపు కేబుల్ పొడవును ఇంకా కుదించాలి, లేదా టంగ్‌స్టన్‌కు వెళ్ళాలి, లేదా దవడలను పొట్టివి చేసి సూదిని కీలుకు దగ్గరగా పట్టాలి. ప్రస్తుతం మా బెంచి మీద ఉన్నది ఈ మూడో మార్గం: కీలు నుంచి సూదికి దూరం 12 మి.మీ. బదులు 8 మి.మీ. ఉన్న దవడలు. లెక్క ప్రకారం ఆ మార్పు ఒక్కటే 13 డిగ్రీలను 9కి తెస్తుంది.